అక్క వంతు

పాత టీవీ గేమ్ పెట్టె మూత తీయగానే ఒక వాసన వస్తుంది. వేడెక్కి చల్లారిన ప్లాస్టిక్కు, దుమ్ము, ఏళ్ల తరబడి చుట్ట విప్పని వైర్లు, అన్నీ కలిసిన వాసన. కిందటి నెల ఆ మూత తీసినప్పుడు నా కళ్లు ముందు గేమ్ మీద పడలేదు. దాని పైన అడ్డంగా పెట్టి ఉన్న గళ్ల నోట్‌బుక్కు మీద పడ్డాయి. అట్ట మీద పేరు లేదు. లోపల పేజీలన్నీ అక్క దస్తూరి.

మేము ముగ్గురం. అక్క పెద్దది, తరువాత అన్నయ్య, చివర నేను. కంట్రోలర్లు మాత్రం రెండే. ఒకటి అన్నయ్యది, ఒకటి నాది. అక్కకు నోట్‌బుక్కు. ఎవరూ కూర్చుని చేసిన పంపకం కాదది. అలా జరిగిపోయింది, ఏళ్ల తరబడి అలాగే సాగింది. ఆమె మా వెనక గోడకు ఆనుకుని కూర్చునేది. మాకు కనబడనివి ఆమెకు కనబడేవి. "అటు కాదు, పైన ఇంకో దారి ఉంది" అనేది. "నువ్వు చెప్పకు అక్కా" అని ఇద్దరం ఒక్క గొంతుతో అరిచేవాళ్లం. కాసేపటికి ఆ పైదారినే పట్టుకుని వెళ్లేవాళ్లం.

అన్నయ్య పోయి ఏడాది దాటింది. ఆయన సామానుతో పాటే ఈ పెట్టె నా దగ్గరికి వచ్చింది. అక్క నా పక్కన కూర్చుని ఒక్కో గేమ్ క్యాసెట్టూ తీసి, తుడిచి, వరుసగా పేర్చింది. పేర్చడం అయ్యాక అడిగింది.

"వాడు పెద్దవాడయ్యాక కూడా అర్ధరాత్రి దాకా ఆడేవాడు కదా. అందులో వాడికి ఏమి కనబడేదో నాకూ చూడాలని ఉంది. దేనితో మొదలుపెట్టమంటావు?"

ఈ ప్రశ్న నన్ను ఇంతకుముందు చాలామంది అడిగారు. అడిగిన ప్రతిసారీ నాకు అప్పుడు బాగా నచ్చిన గేమ్ పేరు చెప్పి ఊరుకున్నాను. అది ఎంత తప్పు జవాబో అక్క చేతులు చూశాక తెలిసింది.

* * *

మొదట అదే తప్పు చేశాను. నాకు ప్రాణమైన గేమ్ ఒకటి పెట్టాను. కనుచూపు మేర మైదానం, గుర్రం, దూరాన మంచు కొండలు. తెర చూసి అక్క ముఖం వెలిగింది. కంట్రోలర్ చేతికిచ్చి, "ఎడమ బొటనవేలితో నడవాలి, కుడి బొటనవేలితో చూడాలి" అన్నాను.

అక్క నడిచింది. గోడకు తగిలింది. చూపు తిప్పబోతే ఆకాశం వచ్చింది. కిందికి దించితే నేల వచ్చింది. రెండు వేళ్లూ ఒకేసారి కదిలిస్తే తెర మొత్తం గిర్రున తిరిగింది. పది నిమిషాలయ్యాక కంట్రోలర్‌ను జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, "ఇది నా వల్ల కాదులే" అంది. చిన్నప్పుడు మా వెనక కూర్చున్నప్పటి గొంతే అది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నడవడం, చూడడం మనిషి కలిపి చేసే పనులు. వాటిని విడదీసి ఒక్కో బొటనవేలికి అప్పగించమంటే ఎవరికైనా కష్టమే. మాకు ఎప్పుడూ కష్టం తెలియలేదంటే కారణం ఒక్కటే, మేము దాన్ని ఏళ్ల మీద కొంచెం కొంచెంగా నేర్చుకున్నాం. మా మొదటి కంట్రోలర్ మీద నాలుగు దిక్కుల మీట, రెండు బొత్తాలు, అంతే. చూపు తిప్పే పని లేదు. తరువాత బొత్తాలు పెరిగాయి. ఆటల్లోకి లోతు వచ్చింది. ఆ తరువాత ఎప్పుడో బొటనవేలితో తిప్పే పుల్ల, ఇంకా తరువాత చూపు తిప్పడానికి రెండో పుల్ల వచ్చాయి. మెట్టు మెట్టుగా మేము ఎక్కిన మేడ మీదికి అక్కను నేల మీది నుంచి ఒక్క గెంతులో రమ్మన్నాను.

ఇంకా ఎన్నో సంగతులు ఎవరూ నేర్పకుండానే మాకు వచ్చాయి. పగుళ్లున్న గోడ పగులుతుందని, ఎర్ర పీపా పేలుతుందని, మెరుస్తున్న వస్తువు తీసుకోదగినదని. కొత్తగా వచ్చినవారికి ఇవేవీ తెలియవు. తెలియకపోవడం వారి లోపం కాదు.

మరుసటి రోజు పొద్దున్నే అక్కకు చెప్పాను, మేము ఎక్కిన వరుసలోనే మొదటి మెట్టు నుంచి ఎక్కుదామని.

* * *

మొదటి మెట్టు టెట్రిస్. పై నుంచి పడే ముక్కల్ని తిప్పి పేర్చి వరుసలు నింపే ఆట. నిండిన వరుస మాయమవుతుంది.

అన్నయ్య దగ్గర చేతిలో పట్టే చిన్న గేమ్ ఒకటి ఉండేది. దుప్పటి కప్పుకుని ఆడేవాడు. చీకట్లో దాని తెర కనబడదు కాబట్టి దుప్పటి లోపల టార్చి కూడా ఉండేది. ముక్క తిరిగినప్పుడల్లా టిక్కుమనే శబ్దం, వరుస నిండినప్పుడు ఇంకో శబ్దం. ఆ శబ్దాల్ని బట్టే ఆట ఎలా సాగుతోందో నాకు తెలిసిపోయేది. టిక్కులు దగ్గర దగ్గరగా పడుతున్నాయంటే ఆట చివరికి వచ్చిందని అర్థం.

1984లో మాస్కోలో అలెక్సీ పజిట్నోవ్ దాన్ని తయారు చేసినప్పుడు ఆయన ముందున్న ఎలెక్ట్రోనికా 60 యంత్రానికి బొమ్మలు గీయడమే రాదు. అక్షరాలు, గుర్తులు మాత్రమే చూపించగలదు. అందుకని బ్రాకెట్లనే పక్కపక్కన పెట్టి ముక్కలు చేశాడు. నాలుగేసి చదరాలతో ఏడు ఆకారాలు. నలభై ఏళ్లయినా ఆ ఏడింటికి ఎనిమిదోది కలపవలసిన అవసరం రాలేదు. ఆటల్లో నాకు తెలిసినంతలో ఇంతకంటే నిండైనది లేదు. కథ తెలియనక్కరలేదు, భాష రానక్కరలేదు, ముందు ఆటలు ఆడి ఉండనక్కరలేదు.

అక్క రెండు ఆటలు ఓడిపోయింది. మూడో ఆటలో కుడివైపు ఒక నిలువు వరుసను ఖాళీగా వదలడం మొదలుపెట్టింది. పొడుగు ముక్క కోసం. నేను చెప్పలేదు. అది వచ్చి దిగి నాలుగు వరుసలు ఒక్కసారిగా మాయమైనప్పుడు, ఆమె "హమ్మయ్య" అనలేదు, నవ్వలేదు. ముందుకు వంగి కూర్చుంది. ఆ వంగడం నాకు తెలుసు. అన్నయ్య అలాగే వంగేవాడు.

* * *

రెండో మెట్టు దగ్గర కాసేపు ఆగాలి. నా బాల్యంలో సగం అక్కడే ఉంది.

టీవీ వేయగానే గుయ్‌మని సన్నని మోత వచ్చేది. తెరకు చెయ్యి దగ్గరగా పెడితే రోమాలు నిక్కబొడుచుకునేవి. ఛానెల్ మీట తిప్పుతూ పోతే చుక్కల వాన మధ్యలో ఎక్కడో గేమ్ బొమ్మ దొరికేది. దొరక్కపోతే క్యాసెట్టు తీసి, నోటి దగ్గర పెట్టుకుని ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఊది, మళ్లీ పెట్టేవాళ్లం. ఊదడం అన్నయ్య హక్కు. ఆ ఊపిరి వల్లే పని చేస్తోందని మేము పూర్తిగా నమ్మాం. నిజానికి క్యాసెట్టు తీసి మళ్లీ పెట్టినప్పుడు లోపలి రాగి గీతలు సరిగ్గా ఆనడం వల్ల బొమ్మ వచ్చేది. ఊపిరిలోని తేమ వాటికి చెరుపే చేస్తుంది. ఇప్పుడు అది తెలిసినా, కిందటి నెల పెట్టెలోంచి క్యాసెట్టు తీయగానే నా చెయ్యి దానంతట అదే నోటి దగ్గరికి వెళ్లింది.

సూపర్ మారియో బ్రదర్స్ 1985లో వచ్చింది. షిగెరు మియామోటో బృందం చేసిన ఆ మొదటి స్టేజ్ కొత్తవారికి బడి లాంటిది. ఒక్క మాట రాసి ఉండదు. మారియో తెరకు ఎడమవైపు నిలబడి ఉంటాడు, కుడివైపంతా ఖాళీ. అంటే కుడికి వెళ్లాలి. కొంచెం వెళ్లగానే ప్రశ్న గుర్తుతో మెరిసే పెట్టె, ఎదురుగా ఒక చిన్న శత్రువు. తగిలితే చనిపోతారు, కానీ పోయేది కొన్ని సెకన్ల ఆటే. రెండోసారి ఎగురుతారు. ఎగిరితే పెట్టె తగులుతుంది. అందులోంచి వచ్చిన పుట్టగొడుగు కుడికి జారి, గొట్టానికి కొట్టుకుని, తిరిగి మన వైపే వస్తుంది. తప్పించుకుందామనుకున్నా చాలాసార్లు తగులుతుంది. తగలగానే మారియో పెద్దవాడవుతాడు. శత్రువేదో మిత్రుడేదో అర నిమిషంలో తెలిసిపోయింది.

అక్క ఆడుతూ ఆడుతూ ఒకచోట ఆగి, "నేను చెప్పింది గుర్తుందా? ఆ మబ్బూ ఈ పొదా ఒకటే" అంది. గుర్తుంది. చిన్నప్పుడు గోడకు ఆనుకుని కూర్చున్నచోటి నుంచి ఆమె ఆ మాట అంటే మేమిద్దరం నవ్వాం. మబ్బు మబ్బే, పొద పొదే అన్నాడు అన్నయ్య. చాలా ఏళ్ల తరువాత నేను చదివి తెలుసుకున్నాను. ఆ గేమ్ మొత్తం 40 కిలోబైట్లలో ఇమడాలి. అందుకని ఒకే బొమ్మకు తెల్ల రంగు వేసి మబ్బుగా, ఆకుపచ్చ వేసి పొదగా వాడారు. అది చదివిన రోజున అక్కకు ఫోన్ చేసి చెప్పవలసింది. చెప్పలేదు.

* * *

నోట్‌బుక్కు తిరగేస్తే ఒక పేజీ నిండా చదరాలు. అయిదు అడ్డం, అయిదు నిలువు, వాటిలో తొమ్మిది ఎర్ర చుక్కలు. మెగా మ్యాన్ 2 పాస్‌వర్డులు. అప్పటి క్యాసెట్లు చాలావాటికి ఆటను దాచుకునే తెలివి లేదు. కరెంటు తీస్తే అంతా పోయినట్టే. ఆపేముందు గేమ్ ఒక చుక్కల పటం చూపిస్తే, మళ్లీ ఆడేటప్పుడు ఆ చుక్కల్ని అదే చోట పెట్టాలి. ఒక్క చుక్క తప్పితే ఇన్ని రోజుల కష్టమూ గాలికి పోతుంది. అక్క రాసినది ఒక్కసారీ తప్పలేదు. అన్నయ్య రాసింది ఒకసారి తప్పింది. ఆ తరువాత పెన్ను ముట్టుకోలేదు.

తరువాతి పేజీల్లో ప్రిన్స్ ఆఫ్ పర్షియా పటాలు. అప్పటికి ఇంట్లోకి కంప్యూటర్ వచ్చింది. గళ్ల కాగితం మీద చెరసాల గదులు, ఎక్కడ ముళ్లు లేస్తాయో, ఏ రాయి మీద కాలు పెడితే ఏ తలుపు తెరుచుకుంటుందో, అన్నీ అక్క గీసింది. 60 నిమిషాల్లో రాకుమారిని విడిపించాలి, గడియారం ఆగదు. ఇనుప తలుపు గరగరమంటూ దిగే శబ్దం వినబడితే ముగ్గురం ఊపిరి బిగబట్టేవాళ్లం. 1989 నాటి ఆ గేమ్‌ను చేసిన జోర్డన్ మెక్నర్ తన తమ్ముడు పరుగెత్తుతుంటే, దూకుతుంటే వీడియో తీసి, ఒక్కో కదలికనూ చూసి బొమ్మగా గీశాడు. అందుకే ఆ రాకుమారుడు అంచును పట్టుకుని వేలాడినప్పుడు నిజంగా మనిషి వేలాడినట్టే ఉంటుంది. ఇప్పుడు కొత్తవారికి దాన్ని ఇవ్వమని మాత్రం చెప్పను. తప్పును క్షమించని ఆట అది. పక్కన నోట్‌బుక్కు పట్టుకునే మనిషి ఉంటే తప్ప.

ఒక పేజీ మొత్తానికి ఒకే బొత్తాల వరుస ఉంది. పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఎ. కింద రెండు గీతలు కొట్టి ఉంది. కాంట్రా అనే గేమ్ ఆడినవారికి ఆ వరుస వేళ్లలో ఉంటుంది. మూడు లైఫుల చోట ముప్పై ఇస్తుంది. మొదట్లో అది దొంగాట అని నేను వాడనిచ్చేవాణ్ణి కాను. ఆ వరుసను కనిపెట్టిన కజుహిసా హషిమోటో, 1986లో గ్రేడియస్ అనే గేమ్‌ను ఇంటి యంత్రానికి మారుస్తూ, పరీక్షించడానికి ఆడితే తనకే అది మరీ కష్టంగా ఉందని ఆ దారి పెట్టుకున్నాడు. చేసినవాడికే అవసరమైన సాయం కొత్తగా వచ్చినవారు తీసుకుంటే తప్పేమిటి?

అందుకే సెలెస్ట్ అనే గేమ్ అంటే నాకు గౌరవం. 2018లో వచ్చింది. ఒక అమ్మాయి కొండ ఎక్కే కథ. చాలా కష్టమైన గేమ్, కానీ అందులో అసిస్ట్ మోడ్ ఉంది. ఆట వేగాన్ని సగానికి తగ్గించుకోవచ్చు, అలసట లేకుండా చేసుకోవచ్చు. అక్క వేగం తగ్గించుకుని మొదటి అధ్యాయం దాటింది. దాటాక మళ్లీ వెనక్కి వెళ్లి, వేగాన్ని కొంచెం పెంచుకుని ఆడింది. ఎవరైనా కొత్తవారు "నేను తేలిక పద్ధతిలో ఆడవచ్చా" అని మొహమాటంగా అడిగితే నాకు బాధ కలుగుతుంది. ఆడండి.

* * *

కంట్రోలర్ ముట్టుకోవడానికే భయపడేవారికి మాన్యుమెంట్ వ్యాలీ ఉంది. ఫోనులోనే, ఒక్క వేలితో ఆడవచ్చు. 2014లో వచ్చింది. ఎషర్ అనే చిత్రకారుడు గీసిన అసాధ్యమైన మేడల్లా, ఒక కోణంలో విడిగా ఉన్న మెట్లు ఇంకో కోణంలో కలిసిపోతాయి. అందులో చనిపోవడం లేదు. అక్క ఒక సాయంత్రంలో పూర్తి చేసి, "అప్పుడే అయిపోయిందా" అంది. మొదటి గేమ్ అంటే అంత చిన్నదే ఉండాలి. పూర్తి చేశామన్న ధైర్యం కొత్తవారికి అన్నిటికంటే ముందు కావాలి.

తరువాత ఎ షార్ట్ హైక్. 2019 నాటిది, రెండు గంటల్లో అయిపోతుంది. ఒక పక్షి పిల్ల ఫోన్ సిగ్నల్ కోసం కొండ శిఖరానికి వెళ్లాలి. అంతే కథ. దారిలో చేపలు పట్టవచ్చు, ఎవరితోనైనా మాట్లాడవచ్చు, ఊరికే గాలిలో తేలవచ్చు. తొందరపెట్టేవారు లేరు. బంగారు ఈకలు దొరికిన కొద్దీ ఎక్కువ ఎత్తు ఎక్కవచ్చు. శిఖరం మీద ఒక ఫోన్ వస్తుంది. ఎవరు చేశారో, ఏమి చెప్పారో రాయను. అక్క కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని చాలాసేపు తెర వైపే చూస్తూ ఉండిపోయింది. అన్నయ్య చివరి నెలల్లో ఆడినవాటిలో ఇదొకటి. అది నేను అక్కకు ఆ తరువాతే చెప్పాను.

స్టార్‌డ్యూ వ్యాలీ గురించి ఒక జాగ్రత్త చెప్పాలి. ఎరిక్ బరోన్ అనే ఒక్క మనిషి నాలుగేళ్లకు పైగా కూర్చుని బొమ్మలు, సంగీతం, కథ, కోడ్ అన్నీ తనే చేసి 2016లో విడుదల చేశాడు. తాతగారి పాత పొలానికి వచ్చిన మనం 15 విత్తనాలతో మొదలుపెడతాం. 28 రోజులకు ఒక రుతువు. అందరూ దీన్ని ప్రశాంతమైన ఆట అంటారు, కానీ మూలనున్న గడియారం కొత్తవారిని కంగారు పెడుతుంది. అక్క మొదటి వారం పరుగులు పెట్టింది. నీళ్లు పోయలేదు, కట్టెలు కొట్టలేదు, చీకటి పడిపోతోంది అని. రుతువు పోతే మళ్లీ ఏడాది వస్తుందని, అక్కడ ఆలస్యమైనందుకు ఎవరూ ఏమీ అనరని చెప్పాక నిదానించింది. చేపలు పట్టడం మాత్రం మొదట్లో వదిలేయమని చెప్పండి. అది చాలా మందిని విసిగిస్తుంది.

ఇంట్లో పిల్లలుంటే, దిమ్మలు పేర్చి ఏదైనా కట్టుకునే మైన్‌క్రాఫ్ట్, వారినే గురువుగా పెట్టుకుని. ముక్కూ మొహమూ తెలియనివారితో ఆన్‌లైన్‌లో పోటీ పడేవి మాత్రం మొదటి ఏడాది వద్దు. అక్కడ నేర్చుకునేలోపే ఓడిపోతారు, పైగా మాటలు పడాలి.

* * *

రెండు పుల్లల దగ్గరికి మళ్లీ రావడానికి మూడు వారాలు పట్టింది. ఈసారి పోర్టల్ పెట్టాను.

కొందరు విద్యార్థులు చదువులో భాగంగా చేసిన చిన్న గేమ్ నుంచి పుట్టి, 2007లో వచ్చింది పోర్టల్. గోడ మీద ఒక ద్వారం, ఇంకో గోడ మీద ఇంకో ద్వారం, ఇందులో దూరితే అందులోంచి బయటపడతాం. నడవడం, చూడడం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు. మొదటి గదుల్లో వెనక నుంచి కాల్చేవారు లేరు. ఎంతసేపైనా నిలబడి చూడవచ్చు. ద్వారాలు మొదట వాటంతట అవే తెరిచి ఉంటాయి. తరువాత ఒక ద్వారం వేసే పరికరం చేతికి వస్తుంది. రెండోది వేయడం ఇంకా కొన్ని గదులు దాటాకే. ఒకదాని తరువాత ఒకటిగా ఇవ్వడమంటే అదే.

అక్క మొదట్లో మళ్లీ పైకప్పునే చూసింది. కానీ ఇక్కడ పైకప్పు చూడడం కూడా పనికొచ్చింది. దారి చాలాసార్లు అక్కడే ఉంటుంది. నాలుగో సాయంత్రానికి రెండు బొటనవేళ్లూ కలిసి కదలడం మొదలైంది. ఆమె గమనించలేదు, నేను గమనించాను. ఒక గదిలో బాగా ఇరుక్కుంది. మీట ఒకచోట, తలుపు ఒకచోట, మధ్యలో గొయ్యి. జవాబు నాకు తెలుసు. నోరు తెరవబోయాను.

"నువ్వు చెప్పకు" అంది, తెర మీది నుంచి చూపు తిప్పకుండా.

నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను.

* * *

కిందటి ఆదివారం అక్క ఆ పాత పెట్టెనే ఒకసారి పెట్టమంది. కొత్త టీవీకి ఎలాగో తగిలించాను. మారియో వచ్చాడు, కాంట్రా వచ్చింది. బాతుల్ని కొట్టే డక్ హంట్ క్యాసెట్టు పెట్టి ఆట తుపాకీ చేతికిచ్చాను. బాతులు ఎగిరాయి, ఒక్కటీ పడలేదు. తుపాకీ చెడిపోలేదు. మీట నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లని చదరం మెరుస్తుంది. తుపాకీ గొట్టంలోని కన్ను ఆ వెలుగును పట్టుకుంటే దెబ్బ తగిలినట్టు లెక్క. పాత టీవీలో ఆ వెలుగు సరిగ్గా సమయానికి వచ్చేది. కొత్త టీవీల్లో బొమ్మ కొంచెం ఆలస్యంగా వస్తుంది. వెలుగు వచ్చేసరికి తుపాకీ చూడడం మానేసి ఉంటుంది.

ఇదంతా అక్కకు వివరిస్తుంటే, ఆమె తుపాకీని ఒళ్లో పెట్టుకుని, "వాడు ఒకరోజు ఒక్క బాతునూ కొట్టలేకపోయాడు, గుర్తుందా?" అని అడిగింది.

గుర్తుంది. ఒంటి బాతు ఆటలో అన్నయ్య ఎప్పుడూ తప్పడు. ఆ రోజు మాత్రం వరుసగా తప్పాడు. తెర మీద గడ్డిలోంచి కుక్క లేచి నవ్వుతూనే ఉంది. తుపాకీ చెడిపోయిందని అన్నయ్య మరలు విప్పి, గొట్టం లోపల దూదితో తుడిచి, మళ్లీ బిగించాడు. రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

"ఆ రోజు కంట్రోలర్ నా పక్కన పడి ఉంది. ఊరికే చేతిలోకి తీసుకున్నాను. నేను మీట ఎటు నొక్కితే బాతు అటు వెళ్లింది" అంది అక్క.

ఒంటి బాతు ఆటలో కంట్రోలర్ కూడా తగిలించి ఉంటే దానితో బాతును తిప్పవచ్చు. ఆ సంగతి నాకు పెద్దయ్యాకే తెలిసింది. అక్కకు అప్పుడే తెలుసు.

"మొదట భయం వేసింది. తరువాత వాడు గురి పెట్టిన వైపు నుంచి బాతును పక్కకు తీసుకుపోయాను. ఎంత బాగుందో. అలా ఆ సాయంత్రమంతా ఆడాను."

"మరి చెప్పలేదేమిటి అక్కా?"

"చెబితే కంట్రోలర్ లాక్కునేవారు కదా" అంది. కాసేపాగి, "వాడికి చెప్పనేలేదు" అని, తుపాకీ పక్కన పెట్టి కంట్రోలర్ తీసుకుంది.